తెరకి మొహం ఎటువైపు

బాకా గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. కుట్టుమిషన్లు ఇచ్చినది. ఇరుకు దుకాణంలో రెండు మిషన్లు పోటీపడి మోగుతుంటే వాటి మీదుగా మాట్లాడి మాట్లాడి, మిషన్లు ఆగినా గొంతు ఆగని స్థితికి చేరుకుంది. ఆ వీధివాళ్ళు ఆమెకి బాకా అని పేరు పెట్టారు. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. "బాకా అంటే అనండి, బాకీ అనకండి చాలు" అనేది.

దుకాణం పరదాలది. కిటికీ తెరలు, గుమ్మం తెరలు, గదికి అడ్డంగా కట్టుకునే తెరలు. బాకా కత్తిరించి చిల్లర కుట్లు వేస్తుంది, అసలు తెర వదిన కుడుతుంది. "మా వృత్తి ఎంత పాతదంటే, కత్తెరలోనే తెర ఉంది చూసుకోండి" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది బాకా. వాళ్ళు నవ్వేదాకా కొలత తీసుకునేది కాదు. వదిన మాత్రం నవ్వేది కాదు. ఆ మాట ఆవిడ పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన మర్నాటినుంచీ వింటోంది.

వదిన అంటే బాకా అన్నయ్య భార్య. అన్నయ్య లారీ తోలుతాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. అందుకని ఆడబిడ్డా వదినా ఇద్దరే ఆ దుకాణానికి రెండు చక్రాలు. ఒక చక్రం తెగ కిర్రుమంటుంది, రెండోది కిక్కురుమనదు. కిక్కురుమనకపోవడానికి ఒక కారణం ఉంది. వదిన నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. కుట్టబోయే మడతలకి గుచ్చడానికి వరసగా పెదాల మధ్య పట్టుకుంటుంది. బాకా నోట్లోంచి నూరు మాటలొచ్చేలోపు వదిన నోట్లోంచి ఒక సూది వస్తుంది.

ఆ దుకాణానికి ఒక పట్టింపు ఉంది. బాకా తల్లి నాటినుంచీ వస్తోంది. గుడ్డకి ఒక మొహం, ఒక వీపు ఉంటాయి. పూలో చారలో మెరుపో ఉన్నది మొహం. అస్తరు వేసిన బోడివైపు వీపు. తెర కట్టినప్పుడు మొహం గదిలోకి ఉండాలి, వీపు వీధికి ఉండాలి. కొంతమంది ఒప్పుకునేవారు కాదు. "అంత ఖరీదు పెట్టి కొన్న పూలు దారినపోయేవాళ్ళకి కనబడొద్దా?" అనేవారు. "దారినపోయేవాళ్ళు మీ మంచం మీద పడుకుంటారా?" అని అడిగేది బాకా. తెర ఎవరి చాటు కోసం కడతామో దాని మొహం వాళ్ళది. ఈ ఒక్క మాట దగ్గర బాకా హాస్యాలాడదు. బేరం పోయినా సరే తిప్పి కట్టదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో కొత్త తెర ఒకటి వేలాడదీసి చూస్తున్నారు. వదిన చెయ్యెత్తబోయింది. ఎత్తిన చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మెల్లిగా దించేసి రెండో చేత్తో అందుకోబోయింది.

"ఏమైంది?"

వదిన నోట్లో సూదులు చూపించింది. మాట్లాడలేను అన్నట్టు.

"తియ్యి అవి. తీసి చెప్పు."

వదిన ఒక్కొక్క సూదీ తీసి రవిక అంచుకి గుచ్చుకుంది. అన్నీ గుచ్చుకున్నాక ఇక తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"రొమ్ములో గడ్డ. చంక దాకా లాగుతోంది."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులే అయింది."

"నాకు చెప్పాలని తోచలేదా?"

"నీకు చెబితే వీధికి చెప్పినట్టే కదా."

బాకా నోరు తెరిచి, ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో వెతికి, దొరక్క మూసుకుంది. దుకాణం తలుపులు కూడా మూసేసింది.

*

ఊళ్ళోకెల్లా పెద్ద ఆసుపత్రికి రెండు మొహాలున్నాయి. ముందువైపు అద్దాల తలుపులు, మెత్తటి కుర్చీలు, నేలమీద మన నీడ మనకే కనబడేంత నునుపు. అక్కడ 'ప్రత్యేక విభాగం' అని రాసుంది, డబ్బు కట్టేవాళ్ళకి. వెనకవైపు ఇనుప గేటు, పొడవాటి వసారా, దానికి 'సాధారణ విభాగం' అని రంగు వెలిసిన బోర్డు. తెలియక ఇద్దరూ ముందువైపే వెళ్ళారు.

అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది. బల్ల వెనకున్న అమ్మాయి లేచి నిలబడింది.

"రండి మేడం, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా? మీకా, వారికా?"

"మా వదినకి. గడ్డ లేచింది, ఆడ డాక్టరుకి చూపించాలి."

"తప్పకుండా అండి. మీరు ఏ బీమా పథకం కింద వచ్చారండి?"

"ఏ పథకమూ లేదు. కాళ్ళ మీద నడిచి వచ్చాం."

అమ్మాయి కూర్చుంది. "జనరలా? అయితే ఇటు కాదు. వెనక్కెళ్ళు. ఆ కుర్చీ తాకకు, ఇప్పుడే తుడిచారు."

బాకా అక్కడే నిలబడిపోయింది. "ఏమ్మా, ఇందాక నీ మాటల చివర 'అండి'లు వేలాడుతుండేవి, అవెక్కడ రాలిపోయాయి? ఇక్కడ మరీ ఎక్కువైపోయినట్టున్నాయి, వెనక్కి ఓ బుట్టెడు పంపించకూడదా?"

"సెక్యూరిటీ" అంది ఆ అమ్మాయి, ఎవరినీ చూడకుండా.

వెనకవైపు ఓపీ చీటీ తీసుకోవడానికి ఒక వరస, తీసుకున్నాక నిలబడటానికి ఇంకో వరస. "ఓపీ అంటే ఓపిక అని ఇవాళ తెలిసింది" అంది బాకా. బోర్డు చూసి, "సాధారణలో 'సా'నీ, 'ధా' కింది ఒత్తునీ చెరిపేసి, 'ర'కి ఓ కొమ్ము తగిలిస్తే సరిగ్గా సరిపోతుంది" అంది.  నోట్లో సూదులు లేకపోయినా వదిన పెదాలు అలాగే బిగించి ఉంది.

ఆడవాళ్ళని చూసే గది ముందు ఒక ఆయా నిలబడి పిలుస్తోంది. పేర్లు పిలవడం ఆవిడ ఎప్పుడో మానేసింది. "కడుపునొప్పి, లోపలికి. కాలివాపు, నువ్వు కాదు, నువ్వు ఆ పక్కకి జరుగు. తెల్లబట్ట, ఆగు. గడ్డ ఎవరు? గడ్డ?"

ఎవరూ పలకలేదు.

"గడ్డని పిలుస్తుంటే వినబడట్లేదా? చెవుల్లో కూడా లేచిందా గడ్డ?"

వదిన తలొంచుకుని లోపలికి వెళ్ళింది. బాకా కూడా వెంట వెళ్ళింది.

గదిలో ఒక ఎత్తయిన బల్ల, దానిమీద చిరిగిన రెక్సిన్. బల్లకి ఎదురుగా గోడ వెంబడి బెంచీ, దానిమీద తర్వాత చూపించుకోబోయే ఆడవాళ్ళు వరసగా కూర్చుని బల్ల మీద ఉన్నవాళ్ళని చూస్తున్నారు, వాళ్ళకి చూడటానికి ఇంకోటేమీ లేదు గనక. తెల్లకోట్లలో విద్యార్థులు, వాళ్ళలో మగపిల్లలే ఎక్కువ. తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకి అవతల వసారాలో మగవాళ్ళు నెత్తురు పరీక్షకి నిలబడి ఉన్నారు. బల్లకి పైన, కప్పు నుంచి ఒక కడ్డీ వేలాడుతోంది. కడ్డీకి ఇత్తడి రింగులున్నాయి. రింగులకి ఏమీ లేదు.

డాక్టరమ్మ తల ఎత్తలేదు. ఏదో రాసుకుంటూ, "ఏమిటి?" అంది.

"రొమ్ములో" అంది వదిన, తనకే వినబడేట్టు.

"గట్టిగా."

"రొమ్ములో గడ్డ."

వసారాలో ఒకాయన ఇటు తిరిగి చూశాడు.

"ఎక్కి పడుకో. విప్పు."

వదిన బల్ల ఎక్కింది. పై గుండీ ఒకటి తీసింది. తలుపు వైపు చూసింది. "ఆ తలుపు కాస్త…"

"తలుపేస్తే గాలాడదు. రోజుకి ఎంతమంది వస్తారో తెలుసా? తొందరగా." డాక్టరమ్మ విద్యార్థుల వైపు తిరిగింది. "చూశారా, వీళ్ళు ఎప్పుడూ ముదరబెట్టుకునే వస్తారు. చదువుండదు, సిగ్గుకి మాత్రం తక్కువ లేదు. ఈ వయసులో ఏం చూసి సిగ్గమ్మా? దగ్గరికి రండర్రా."

అందరూ దగ్గరికి వచ్చారు. వదిన తీసిన గుండీ మళ్ళీ పెట్టుకుంది. తొందరేమీ లేకుండా బల్ల దిగింది, చెప్పులు వేసుకుంది, వెళ్ళిపోయింది.

బాకా మాత్రం కదల్లేదు. "ఆ కడ్డీకి తెర ఏదండీ?"

"ఉండేవి" అంది ఆయా. "ముందువైపు కొత్త గదులు తెరిచినప్పుడు అటు పట్టుకుపోయారు."

"తెర కావాలంటే ముందువైపే చూపించుకోండి" అంది డాక్టరమ్మ. "ఇక్కడ ఇంతే. తర్వాత ఎవరు?"

*

దారిలో వదిన ఒకటే మాట అంది. "నేను మళ్ళీ అక్కడికి రాను."

 వదిన ఎప్పుడో గాని మాట అనదు. అందంటే అది కుట్టేసినట్టే, విప్పడం ఎవరి తరమూ కాదు. లోపల ఆ గడ్డ ఏమిటో ఎవరికీ తెలియదు. తెలుసుకోకుండా కూర్చుంటే అది తనంతట తానే చెబుతుంది, అప్పుడు వినడం తప్ప చేసేదేమీ ఉండదు.

"సరే, ముందువైపే వెళ్దాం వదినా. నా మిషను అమ్మేద్దాం. ఒక్కదాంతో నడుపుకోలేమా?"

వదిన నడక ఆపింది. "నీ మిషను అమ్మి నా సిగ్గు నేను కొనుక్కోవాలా? అది ముందునుంచీ నాదే కదా. వాళ్ళ చేతికి ఎప్పుడెళ్ళింది, అమ్మడానికి?"

బాకా కూడా ఆగింది.

"వెళితే ఆ గదికే వెళతా" అంది వదిన. "ఆ బల్లమీదే పడుకుంటా. ఆ డాక్టరమ్మకే చూపిస్తా. తెర ఉండాలి."

"ఉండాలంటే ఎవరు కడతారు?"

వదిన ఆడబిడ్డని కిందనుంచి పైదాకా చూసింది. "మనం తిండి తింటున్నది ఏం కుట్టి?"

ఆ సాయంత్రమే దుకాణంలో గుడ్డముక్కల మూటలన్నీ విప్పారు. కొత్తగా పెళ్ళైన జంట ఎవరికో కుట్టగా మిగిలిన గులాబీలు కొంత, ఒక వకీలుగారి గదికి కుట్టగా మిగిలిన నీలం చారలు కొంత, ఎవరి పిల్లలకో కుట్టగా మిగిలిన ఏనుగులు కొంత. అన్నీ కలిపితే కడ్డీకి సరిపోయాయి. కడ్డీ కొలత బాకా కంటితోనే తెచ్చింది. అస్తరు మాత్రం బూడిదరంగుది, దళసరిది, ఒక్క తానులోంచి కోశారు. దీపం పట్టినా అవతలి మనిషి నీడ ఇవతల పడకూడదని బాకా పట్టుదల. వదిన కుట్టింది. చెయ్యి లాగినప్పుడల్లా మిషను ఆపేది, నొప్పి తగ్గాక మళ్ళీ తొక్కేది. బాకా ఆ ఆగినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, నిశ్శబ్దం చెవిన పడకుండా.

మాటల్లో పడి చెయ్యి అలవాటు చొప్పున పోయింది. పెద్దిళ్ళ హాళ్ళలో తెరలకి నడుం దగ్గర ఒక పట్టీ ఉంటుంది చూడండి, తెరని పక్కకి లాగి అందంగా బిగించి కట్టేది, అలాంటిది ఒకటి బాకా తెర పక్కన కుట్టిపారేసింది. వదిన చూసింది. నోట్లో సూదులున్నాయి.

*

మళ్ళీ ఆడవాళ్ళని చూసే రోజు వచ్చింది. డాక్టరమ్మ రాకముందే ఇద్దరూ గదిలో ఉన్నారు. బాకా స్టూలెక్కి రింగులకి తెర తగిలిస్తోంది. వదిన కిందనుంచి, బాగున్న చేత్తో అందిస్తోంది.

ఆయా పరుగెత్తుకొచ్చింది. "ఏయ్, దిగు. ఎవరిచ్చారు అనుమతి?"

"ఆ కడ్డీ ఇచ్చింది. బోడిగా ఉన్నాను, కాస్త కప్పమ్మా అంది."

"ఇదేదో గొడవ చెయ్యడానికి కుట్రలా ఉంది."

"కుట్టు మాత్రమే మాది. కుట్రకి మిషను వేరే ఉంటుంది, మా దగ్గర లేదు."

బెంచీ మీద ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒక చేపలమ్మే ఆవిడ ఉంది, కాలు వాచి స్తంభంలా అయింది. మొన్న ఆయా 'కాలివాపు' అని పిలిచింది ఆవిణ్ణే. "ఏనుగులు బాగా కుదిరాయి" అంది ఆవిడ. "నా కాలు చూసి గీశారా ఏంటి?" అంటూనే లేచి, ఆ కాలితోనే కుంటుకుంటూ వచ్చి, ఊగుతున్న స్టూలుని పట్టుకుంది.

తెర వేలాడింది. బల్ల వైపు గులాబీలు, చారలు, ఏనుగులు. గుమ్మం వైపు బూడిదరంగు వీపు.

డాక్టరమ్మ విద్యార్థులతో వచ్చి గుమ్మంలో ఆగింది. "ఏమిటీ సర్కస్?"

"సర్కస్‌కి జనం చూడాలండీ" అంది బాకా. "ఇది చూడకుండా ఉండటానికి."

"పైవాళ్ళని పిలవండి" అంది డాక్టరమ్మ. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆయా పరుగెత్తింది.

పైవాడు వచ్చాడు. ఆయన పదవి పేరు సూపరింటెండెంటు, అంత పొడుగు పేరుకి నోరు తిరక్క అందరూ సూపరింటెంటు అనేస్తారు. మనిషి కోపంగా వస్తాడనుకుంటే చిరునవ్వుతో వచ్చాడు. అది ఇంకా ప్రమాదం. తెరని వేళ్ళతో నలిపి చూశాడు. అంచు ఎత్తి లోపలివైపు చూశాడు.

"చాలా బాగుందమ్మా. మీరే కుట్టారా? మీలాంటివాళ్ళు ముందుకి రావాలి."

"ముందుకే వెళ్ళామండీ మొన్న. వెనక్కి పంపేశారు" అంది బాకా. "పేరులో అంత పెద్ద టెంటు పెట్టుకుని, మీరు ఈ గదికి ఒక గుడ్డముక్క కట్టించలేకపోయారా?"

ఆయన చిరునవ్వు కొంచెం పక్కకి జరిగింది గాని పడిపోలేదు. "ఇవాళ కొంతమంది పెద్దలు ఆసుపత్రి చూడటానికి వస్తున్నారు. సమయానికే తెచ్చారు. చిన్న మార్పు చేద్దాం. ఇది తిరగేసి కట్టండి, ఈ పూలూ గీలూ గుమ్మం వైపు రావాలి. పట్టీ కూడా కుట్టారే, భేష్. పక్కకి లాగి కట్టేయండి. వచ్చినవాళ్ళకి తెరా కనబడుతుంది, గదీ కనబడుతుంది."

"మరి బల్లమీదున్న మనిషి?"

"ఆవిడా కనబడుతుంది. వైద్యం అందుతోందని తెలుస్తుంది కదా."

"మా దుకాణంలో తెర మొహం బయటికి పెట్టం."

"ఇది మీ దుకాణం కాదమ్మా." ఆయన గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "చూడండి, మీ వదినగారికే కదా బాధ. ఆవిణ్ణి ఇప్పుడే ముందువైపు చూపిస్తాను. పెద్ద డాక్టరు, వేరే గది, తలుపు, తెర, అన్నీ. పైసా కట్టక్కర్లేదు. మీరు ఈ కాస్త తిప్పి కట్టి వెళ్ళిపోండి."

బాకా వదిన వంక చూసింది.  పెద్ద డాక్టరు. ఇప్పుడే. మొహం ఎటుంటేనేం, పట్టీ కడితేనేం, వదిన బతికితే చాలదా? ఆమె చెయ్యి తెలియకుండానే కడ్డీ వైపు లేచింది. "నిజంగా ఇప్పుడే చూపిస్తారా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"ఇప్పుడే."

"మరి వీళ్ళు?"

అడిగింది వదిన. బెంచీ వైపు చూస్తోంది. చేపలమ్మే ఆవిడ వైపు, కడుపు పట్టుకుని వంగిపోయిన ఒక ముసలావిడ వైపు, 'తెల్లబట్ట' అని పిలిపించుకుని గోడలోకి ముడుచుకుపోయిన పెళ్ళికాని పిల్ల వైపు.

"అందరికీ ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడు సూపరింటెంటు.

వదిన సంచీలోంచి దారాలు తెంపే చిన్న కత్తెర తీసింది. తెర దగ్గరికి వెళ్ళింది. పట్టీ కుట్టిన చోట గుడ్డ పైకెత్తి, కుట్టు ఒకటీ ఒకటీ తెంపింది. తన చేతి కుట్టయితే అంత త్వరగా రాదు. అది బాకా కుట్టింది. పట్టీ ఊడి వచ్చింది. వదిన దాన్ని మడతపెట్టి సూపరింటెంటు చేతిలో పెట్టింది.

"ఇది మీరుంచుకోండి."

బల్ల ఎక్కింది. కూర్చునే, బాగున్న చేత్తో తెర అంచు పట్టుకుని లాగింది. రింగులు గలగలమంటూ కడ్డీ పొడుగునా పరుగెత్తాయి. వదిన కనబడకుండా పోయింది.

 తెర వెనకనుంచి బట్టల చప్పుడు. తర్వాత వదిన రవిక పైకి లేచి కడ్డీమీద పడింది, ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు వేలాడుతూ.

"డాక్టరమ్మగారిని రమ్మనండి" అంది లోపలి గొంతు.

చిరునవ్వు ఇక పడిపోయింది. "ఆ తెర తీసేయండి" అన్నాడు సూపరింటెంటు.

ఆయా ఒక అడుగు వేసి, కడ్డీమీద రవిక చూసి ఆగిపోయింది. "ఎలా తియ్యనండీ? ఆవిడ ఒంటిమీద పైన ఏమీ లేదు."

"లేకపోతే?"

"తలుపు బార్లా తెరిచుందండీ. మీ పెద్దలు ఎదురుగానే వస్తారు. మీరు కూడా ఇక్కడే ఉన్నారు." ఆయా చెప్పేది చెప్పి చేతులు కట్టుకుంది. ఆవిడ కూడా ఎప్పుడో ఆ బల్లమీద పడుకుని ఉండొచ్చు. ఎవరూ అడగలేదు.

సూపరింటెంటు వసారాలోకి చూశాడు, తెరని చూశాడు, చేతిలో పట్టీని చూశాడు. తర్వాత గిర్రున తిరిగి వెళ్ళి తలుపు తానే మూసేశాడు. మూసుకుపోయిన ఆ తలుపుని బెంచీ మీదవాళ్ళు వింతగా చూశారు. ఎవరికీ ఊపిరాడకపోలేదు.

"సరే, కానివ్వండి, త్వరగా" అన్నాడు డాక్టరమ్మతో.

డాక్టరమ్మ లేచింది. విద్యార్థులు వెంట లేచారు.

"ఒక్కరే" అంది లోపలి గొంతు. "పిల్లలు చూసి నేర్చుకోవాలంటే నన్నడగాలి. ఇవాళ నా జవాబు వద్దు."

విద్యార్థులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ చెయ్యి తెర మీద పడింది.

"బయట నిలబడి, రావచ్చా అని అడగండి" అంది వదిన. "మా ఆడబిడ్డ ఎవరింట్లో కొలతకి వెళ్ళినా అలాగే అడుగుతుంది. దాని గొంతే పెద్దది గాని మర్యాద తెలిసిన మనిషి."

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కి తిరిగి తలుపు చూసింది, అది మూసి ఉంది. బెంచీ చూసింది. బెంచీ మొత్తం ఆవిణ్ణే చూస్తోంది. ఈసారి బల్లమీద ఎవరూ కనబడటం లేదు, అక్కడున్నవాళ్ళలో అందరికీ కనబడేట్టు నిలబడింది ఆవిడే.

"అనండి డాక్టరమ్మా" అంది చేపలమ్మే ఆవిడ. "నాలిక అరిగితే ఇక్కడే చూపించుకోవచ్చు. ఓపీ చీటీ నేను తెచ్చిపెడతా."

"రావచ్చా?" అంది డాక్టరమ్మ. నేల చూస్తూ, అయినా అంది.

"రండి."

తెర కాస్త తెరుచుకుని మూసుకుంది. లోపల మొదట పొడిపొడిగా ఒక ప్రశ్న, దానికి చిన్న జవాబు. పేరు అడిగినట్టుంది, వదిన చెప్పినట్టుంది, ఆ పేరు చివర 'గారు' వినబడినట్టుంది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. ఊళ్ళో విషయాలన్నీ ముందు చేరే చెవి తెరకి ఆనించి నిలబడింది బాకా. అస్తరు అంత దళసరిది వేయించినందుకు తనని తానే తిట్టుకుంది. వదిన సంచీ గట్టిగా పట్టుకుంది.

అందరికీ పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. కడ్డీ మీద రవిక లోపలికి జారింది. డాక్టరమ్మ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది.

"ఏముందండీ? ఏమైంది మా వదినకి?"

"ఆవిడకి చెప్పాను."

"నాకూ చెప్పండి."

"ఆవిడ చెప్పమంటే చెబుతాను" అంది డాక్టరమ్మ. కసితో అందో, నేర్చుకుని అందో బాకాకి అర్థం కాలేదు. ఒళ్ళు మండింది. మండుతున్న ఒంటితోనే, ఈ మాట బాగుంది కదా అనిపించింది కూడా.

వదిన గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు సవరించుకుని దిగింది.

"అయిపోయిందిగా, ఇక దించండి" అన్నాడు సూపరింటెంటు.

ఎవరు దించుతారు? చేపలమ్మే ఆవిడ అప్పటికే బల్ల ఎక్కేసింది. రింగులు మళ్ళీ గలగలమన్నాయి. వాచిన కాలు చూపించడానికి పైబట్ట విప్పక్కర్లేదు. అయినా కడ్డీమీద పైబట్ట వచ్చి పడింది, చేపలవాసన గదంతా కొట్టేట్టు. ఆవిడ వెనక పెళ్ళికాని పిల్ల లేచి నిలబడి ఉంది. ఆ పిల్ల వెనక ముసలావిడ. ఒకళ్ళు దిగేలోపు ఇంకొకళ్ళు ఎక్కడానికి బెంచీ బెంచీ అంతా గుమిగూడింది.

బయట బూట్ల చప్పుడు, ఎవరో తలుపు తట్టారు. సూపరింటెంటు తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. "లోపల ఏముందండీ?" అని ఎవరో అడిగారు. ఆయన పట్టీని జేబులో కుక్కుకున్నాడు. "లోపల… ఆడవాళ్ళని చూస్తున్నారండి. ఇప్పుడు రాకూడదు" అన్నాడు.

వెనక్కి తిరిగి వదినతో, పళ్ళ మధ్యనుంచి, "వచ్చేవారం ఇది ఇక్కడ ఉండదు" అన్నాడు.

"వచ్చేవారం నేను ఇక్కడుంటాను" అంది వదిన. "ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు డాక్టరమ్మగారు. మీరు తీసేస్తే ఇంకోటి తెచ్చుకుంటాం. మా ఇంట్లో గుడ్డకి కరువు లేదు."

*

వసారాలో గోడవార నిలబడ్డారు ఇద్దరూ. మూసిన తలుపు వెనక రింగులు మళ్ళీ మళ్ళీ మోగుతున్నాయి.

"గట్టిగా ఉందంట" అంది వదిన. "ముక్క చూస్తేగాని ఏంటో తెలీదంట. మంచిదీ కావచ్చు, కాకపోనూవచ్చు, ఏదైనా దాచకుండా చెబుతానంది."

"భయంగా ఉందా?"

"ఉంది. మొన్న సిగ్గు ముందు నిలబడి భయాన్ని కనబడనివ్వలేదు. ఇవాళ తీరిగ్గా భయపడుతున్నా."

బాకా వదిన చెయ్యి పట్టుకుంది, లాగని చెయ్యి. పక్కన వరసలో ఒక పెద్దాయన కర్ర మీద ఆనుకుని ఇందాకటినుంచీ వీళ్ళనే చూస్తున్నాడు. నడుం దగ్గర పెద్ద కట్టు ఉంది.

"అమ్మా" అన్నాడు. "మగవాళ్ళ గదిలో కూడా కడ్డీ బోడిగానే ఉంటుంది. మాకు సిగ్గుండదనుకుంటారు."

"ఎటువైపు?" అంది బాకా.

పెద్దాయన కర్రతో చూపించాడు. వదిన సంచీలోంచి టేపు తీసి ఆడబిడ్డకి ఇచ్చింది. "ఈసారి కంటికొలత వద్దు. సరిగ్గా కొలిచిరా. నాకు వచ్చేవారం దాకా పనేం లేదు."

మగవాళ్ళ గది తలుపు కూడా బార్లా తెరిచే ఉంది. బాకా గుమ్మం పక్కకి, లోపలివాళ్ళు కనబడని చోటికి జరిగి, వసారా ఈ చివరనుంచి ఆ చివరిదాకా వినబడే గొంతుతో అడిగింది.

"లోపలికి రావచ్చా?"

లోపల సద్దుమణిగింది. అలాంటి ప్రశ్న ఆ గదిలో ఎవరూ విని ఎరగరు. దానికి ఏం జవాబు చెప్పాలో తేల్చుకోవడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది.

"ఆగమ్మా" అంది ఒక ముసలి గొంతు. "బట్ట సర్దుకోనీ."

బాకా టేపు మెడలో వేసుకుని, గోడకి ఆనుకుని ఆగింది.